ఎవరూ వెదకని భరిణె

వేగవరం రాజ్యం మీదికి ఒక చలికాలం చివర మంచు దిగింది. ఎండలు ముదిరినా, వానలు కురిసి వెలిసినా ఆ మంచు మాత్రం పోలేదు. అది మామూలు మంచు కాదు. చెట్లను, గోడలను, పశువులను దాచేది కాదు. మనుషులనే మనుషులకు దాచేది. ఇద్దరు దగ్గరికి వచ్చేకొద్దీ వాళ్ళ మధ్య తెల్లగా చిక్కబడి, చాచిన చేయి తప్ప మరేమీ కనిపించనిచ్చేది కాదు. మాట వినిపించేది గాని, అది ఎవరో పక్కింట్లో మాట్లాడినట్టు ఉండేది. తల్లులు చంటిపిల్లలకు తడుముకుంటూ పాలిచ్చారు. సంతలో బేరాలు చేతులతోనే జరిగాయి. ముఖాలు కనబడని మాటల్లో రుచి లేక, కొన్నాళ్ళకు జనం మాట్లాడుకోవడమే మానేశారు. కిక్కిరిసిన ఊళ్ళో ఎవరికి వారే ఒంటరి అయిపోయారు.

రాజు ధీరసేనుడి కొడుకు ఉదయసేనుడు మంచు మూలం కనిపెట్టి వస్తానని కొంతమంది సైనికులతో ఉత్తరపు అడవిలోకి వెళ్ళాడు. వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు. రాజు దిగులుతో మంచం పట్టి, చివరికి దండోరా వేయించాడు. "ఈ మంచును పోగొట్టి, మా అబ్బాయిని తీసుకొచ్చినవారు ఏది కోరినా ఇస్తాను. ఎవరైనా ఉన్నారా?"

ఆ ప్రశ్నకు చాలా రోజులు జవాబు రాలేదు.

వేగవరంలో పూర్వం నుంచీ ఒక సరదా ఉండేది. ఎవరైనా చిన్న భరిణెలో తమకు ముచ్చటైన వస్తువు పెట్టి కొండ నెర్రెలోనో, చెట్టు తొర్రలోనో దాచి, దాని జాడను పొడుపుకథలా అల్లి సంతలో చెప్పేవారు. ఆ జాడ విప్పుకుని అడవులు గాలించేవాళ్ళను వెదుకరులు అనేవారు. భరిణె దొరికినవాళ్ళు అందులోని వస్తువు తీసుకోవచ్చు. కాని తమదొకటి పెట్టి, మళ్ళీ అక్కడే దాచి రావాలి. ఏటా దీపాల పండుగనాడు ఊరంతా వెదుకరులకు కానుకలు ఇచ్చేది. మంచు దిగాక ఆ సరదా అణగారిపోయింది.

ఆ వెదుకరులందరిలోకీ గట్టి పిల్ల చెంగల్వ. ఆమె తండ్రి గవరయ్య లక్కపని చేసేవాడు. ఆయన కొయ్యను తిప్పే తరిమెన మీద నునుపుగా చెక్కి, లక్క పూసిన భరిణెలో నెల రోజులు వానలో పడి ఉన్నా చుక్క నీరు దిగదని పేరు. తల్లి చిన్నప్పుడే పోవడంతో ఇంట్లో ఉండేది తండ్రీ కూతుళ్ళిద్దరే. ఇప్పుడు చెంగల్వకు తండ్రి అంటే ఒక దగ్గు, తరిమెన చప్పుడు, కంచం అందుకునే ఒక చేయి. ఒకనాడు అన్నం పెడుతూ ఆ చేయి ఎంత చిక్కిపోయిందో చూసి ఆమె గుండె కలుక్కుమంది.

"నాయనా, నీకు ఒంట్లో బాగుందా?" అని అడిగింది.

"బాగానే ఉంది తల్లీ," అంది ఎక్కడో దూరాన ఉన్నట్టున్న గొంతు.

నిజమో అబద్ధమో ముఖం చూస్తే తెలిసేది. ఆ ముఖమే లేదు. ఆ పూట చెంగల్వ చాలాసేపు గడపలో కూర్చుని ఆలోచించింది. 'మంచు ఎక్కడినుంచో పుట్టుకొస్తోందంటే ఆ చోటు ఎక్కడో దాగి ఉన్నట్టే. దాగినదాన్ని వెదకడమే కదా నాకు చేతనైన పని' అనుకుని, మర్నాడు కోటకు పోయి తాను వెళ్తానని చెప్పింది.

దీపాల పండుగ వచ్చింది. చెంగల్వ ప్రయాణమవుతున్న సంగతి విని జనం ఆమె వాకిట్లోకి వచ్చారు. ఎవరూ కనబడలేదు. తెల్లని మంచులోంచి చేతులు మాత్రం చాచుకుని వచ్చాయి. రాణిగారి చేయి ముత్యాలహారం ఇవ్వబోయింది. "అమ్మగారూ, ముళ్ళకంపలో ఇది తట్టుకుని తెగిపోతుంది. తమ దగ్గరే ఉండనివ్వండి," అంది చెంగల్వ. మంచులో ఎవరో చిన్నగా నవ్వారు. నవ్వు విని ఎన్నాళ్ళయిందో! ఆ తరువాత బొబ్బలెక్కిన చేయి ఒకటి జనపనార తాడు చుట్ట ఇచ్చింది. మరో చేయి మేకులు కొట్టిన గట్టి చెప్పులు ఇచ్చింది. ముడతలు పడిన ఒక పడవవాడి చేయి మూత బిగించిన కొబ్బరిచిప్ప అందించింది. అందులో నూనె, నూనెలో తేలే చిన్న ఇనప చేప.

"దీన్ని ఎటు తిప్పినా మూతి ఉత్తరానికే పెడుతుంది పిల్లా. సముద్రంలో నన్ను ఇంటికి చేర్చింది ఇదే," అన్నాడు పడవవాడు.

చివరన తెలిసిన చేయి వచ్చింది. లక్క రంగు ఇంకిన వేళ్ళు. అది ఒక ఎర్రని భరిణెను ఆమె చేతిలో పెట్టి, కాసేపు ఆ చేతిని అలాగే పట్టుకుంది.

చేప చూపిన దారినే చెంగల్వ ఉత్తరానికి నడిచింది. అడవి మొదట్లోనే ఒక గుహ ఉంది. అందులోంచి, "ఎవరది? అడుగుల చప్పుడు విని ఎంత కాలమైంది!" అని గొంతు వినిపించింది. అక్కడ ఒక కుంటి తాపసి ఉంటాడని ఆమె వినే ఉంది. వంగి నమస్కరించి వచ్చిన పని చెప్పింది.

తాపసి ఇలా చెప్పాడు. "నేను కుర్రవాడుగా ఉన్నప్పుడు ఒక యక్షుడు మన సరదా చూసి మురిసిపోయి తానూ ఒక భరిణె దాచాడమ్మా. దాని జాడ చెబుదామని ఎంతో ఆశగా సంతకు వచ్చాడు. వాణ్ణి చూసి జనం హడలిపోయి పరుగు తీశారు. పరిగెత్తలేక అక్కడే మిగిలినవాణ్ణి నేనొక్కణ్ణే. వాడు చెప్పింది ఒకే మాట: 'చేప తల దించే చోట.' ఈ కాలితో నేను వెదకలేకపోయాను. మిగతావాళ్ళు అసలు వినలేదు. ఎవరో ఒకరు వస్తారని వాడు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఇన్నేళ్ళకు ఆశ సన్నగిల్లి వాడు విడుస్తున్న నిట్టూర్పే తల్లీ, ఈ మంచు."

"చేప తల దించడమేమిటి స్వామీ? చెరువులో చేపా?"

"తెలిస్తే చెప్పనా? ఉత్తరానికి వెళ్ళాడని మాత్రం తెలుసు."

చెంగల్వ మళ్ళీ నడిచింది. అడవి చిక్కబడింది. పగలంతా పక్షులు, కోతులు, దుప్పులు కనిపించేవి. మనిషి అలికిడి లేదు. తనలో తాను మాట్లాడుకుంటే గొంతు కొత్తగా తోచేది. పాట పాడబోయి మధ్యలో మానేసేది. అలా పోతూ ఉండగా ఒక సాయంత్రం చెట్ల మధ్య నెగడు ఒకటి కనిపించింది. దానికి కాస్త దూరంలో మరొకటి, అవతల ఇంకొకటి. దగ్గరికి వెళ్తే మంచులోంచి నీరసించిన గొంతు వినిపించింది.

"ఎవరైనా ఉంటే పలకండి. నేను ఉదయసేనుణ్ణి. నా మనుషులంతా నన్ను వదిలి పోయారు."

చెంగల్వ పక్క నెగడు దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఒక సైనికుడు ఏడుస్తున్నాడు. "యువరాజు నన్ను ఒక్కణ్ణే విడిచి వెళ్ళిపోయాడు," అంటున్నాడు. ప్రతి నెగడు దగ్గరా అదే ఏడుపు. నాలుగు అడుగుల దూరంలో కూర్చుని, అందరూ విడిపోయామనుకుంటున్నారు! చెంగల్వకు జాలీ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఆమె తాడు చుట్ట విప్పి, ఒక కొస యువరాజు చేతికి చుట్టి, నెగడు నుంచి నెగడుకు తిరుగుతూ అందరి చేతులకూ ముడివేసింది.

"లాగి చూడండి యువరాజా," అంది.

యువరాజు లాగాడు. అవతల నుంచి ఒక చేయి తిరిగి లాగింది. దాని అవతల మరొకటి. తాడు పొడవునా గుసగుసలు, ఆ వెనక కేకలు, వెక్కిళ్ళు బయలుదేరాయి.

"నువ్వెవరో గాని మమ్మల్ని బతికించావు. నేనూ నీతో వస్తాను," అన్నాడు ఉదయసేనుడు.

రమ్మనాలని చెంగల్వకు ఎంతో ఉంది. అడవి ఎంత పెద్దదో, రాత్రి ఎంత పొడుగో ఆమెకే తెలుసు. అయినా, "మీరు కొస వదిలితే వీళ్ళు మళ్ళీ చెదిరిపోతారు. గట్టిగా పట్టుకుని ఉండండి. నేను పోయి వస్తాను," అని వెనక్కి చూడకుండా కదిలింది.

అడవి దాటాక లోయ వచ్చింది. దాని మీద ఒకే ఒక్క రాతి వంతెన. వంతెన మొదట్లో కొండంత రాక్షసుడు కాళ్ళు బారచాపుకుని కూర్చుని ఉన్నాడు. వాడి వెనక పల్లకీలు, గంగాళాలు, కత్తులు, చక్రాలు గుట్టగా పడి ఉన్నాయి. రాక్షసుల మీద మంచు పనిచేయదు గనక వాడు నిలువెల్లా స్పష్టంగా కనిపించాడు.

"నేను మూటకాసురుణ్ణి! ఈ దారిన పోయేవాళ్ళ దగ్గర ఉన్నదంతా లాక్కుంటాను. మూట దించు!" అని గర్జించాడు.

చెంగల్వ వాడి ముఖంలోకి చూసింది. ఎన్నో నెలల తరువాత ఆమె చూసిన మొదటి ముఖం అది. కోరలున్నా, కళ్ళు ఎర్రగా ఉన్నా, ముఖం ముఖమే. ఆమెకు భయం కంటే ముందు కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి.

"ఎందుకేడుస్తావే? ఇంకా కొట్టలేదుగా!" అన్నాడు రాక్షసుడు కంగారుపడి.

"కొడతావని కాదు మామా. ఇంత సంపద పెట్టుకుని నువ్వెందుకు అంత దిగులుగా ఉన్నావు?"

వాణ్ణి మామా అని పిలిచినవాళ్ళు లేరు. "చిన్నప్పుడు మా అమ్మ నాకొక కొయ్యగుర్రం చెక్కి ఇచ్చింది. ఈ గుట్టలో ఎక్కడో పోయింది. వెదికీ వెదికీ విసిగిపోయాను. వచ్చేవాళ్ళ మూటల్లోనైనా అలాంటిది ఉంటుందేమో అని లాక్కుంటాను. లాక్కున్నకొద్దీ గుట్ట పెరుగుతుంది," అన్నాడు.

"అది నేను వెదికి పెడితే దారి ఇస్తావా?"

"ఇవ్వకపోతే నా కోరలు ఊడిపోవుగాక!"

చెంగల్వ గుట్ట చుట్టూ తిరిగింది. పైనున్నవి మెరుస్తున్నాయి, కిందివి తుప్పు పట్టాయి. అన్నిటికంటే ముందు పోయింది అన్నిటికంటే అడుగునే ఉండాలి. తుప్పు కూడా రాలి మట్టిలా మారిన మూల ఒకటి చూసి, "మామా, ఇక్కడ ఎత్తి పట్టుకో," అంది. వాడు ఎత్తాడు. ఆమె పొట్ట మీద పాకుతూ లోపలికి దూరింది. చాలాసేపటికి దుమ్ము కొట్టుకుని, చెవి విరిగిన ఒక చిన్న కొయ్యగుర్రంతో బయటికి వచ్చింది. రాక్షసుడు దాన్ని అరచేతిలో పెట్టుకుని పసివాడిలా కూర్చుండిపోయాడు. ఆమె వంతెన దాటి వెళ్ళడం కూడా వాడు గమనించలేదు.

అవతల అంతా బోడికొండలు. పక్షి లేదు, గడ్డిపరక లేదు. అక్కడ ఆమెకు తన అడుగుల చప్పుడు తప్ప తోడేమీ లేదు. ఒక నల్లని కొండ మొదలుకు చేరేసరికి కొబ్బరిచిప్పలో ఏదో టక్కుమంది. మూత తీసి చూస్తే, ఎప్పుడూ ఉత్తరం చూసే చేప గిర్రున తిరిగి, తల కిందికి దించి నూనె అడుగుకు మునిగిపోయింది.

"చేప తల దించే చోట!" అని చెంగల్వ గట్టిగా అరిచింది. ఆమె అరుపు కొండకు తగిలి ఆమె దగ్గరికే వచ్చింది.

అదంతా సూదంటురాయి కొండ. చెప్పుల మేకులు రాతికి అతుక్కుపోయి అడుగు లేవనివ్వలేదు. ఆమె చెప్పులు అక్కడే వదిలేసి, కాళ్ళు చీరుకుపోతున్నా పైకి ఎక్కింది. కొండ నడినెత్తిన ఒక నెర్రె, నెర్రెలో మట్టి భరిణె. మూత తీసింది. లోపల ఒక నునుపైన గులకరాయి, ఒక పిట్ట ఈక, ఎండిపోయిన ఉసిరికాయ ఉన్నాయి.

"బాగున్నాయా?" అని ఎవరో భయం భయంగా అడిగారు.

వెనక ఒక బండ మీద పొట్టి యక్షుడు కూర్చుని ఉన్నాడు. గడ్డం నేలను తాకుతోంది. కళ్ళు మాత్రం చిన్నపిల్లాడివి. అతని ప్రతి ఊపిరీ తెల్లగా మంచై కొండ కిందికి దిగుతోంది.

"చాలా బాగున్నాయి," అంది చెంగల్వ. మాట వరసకు అనలేదు. ఇంత ఆశతో దాచిన భరిణెను ఆమె ఎన్నడూ చూడలేదు. "ఆలస్యంగా వచ్చాం. మమ్మల్ని మన్నించు."

"వచ్చావుగా," అన్నాడు యక్షుడు. కాని మంచు ఆగలేదు. "ఇప్పుడు వెళ్ళిపోతావు. మళ్ళీ ఎవరో రావడానికి ఎంత కాలమో."

చెంగల్వకు ఏం చేయాలో తోచలేదు. అతని పక్కన కూర్చుని, "నువ్వెప్పుడైనా ఒక భరిణె వెదికావా?" అని అడిగింది.

"నా కోసం ఎవరు దాస్తారు?"

ఆమె లేచి నిలబడింది. "కళ్ళు మూసుకో. వేళ్ళ సందుల్లోంచి చూడకూడదు."

తన చేతి గాజు తీసి నాయన ఇచ్చిన ఎర్ర భరిణెలో పెట్టింది. అలికిడి కాకుండా వంగి దాచి, "ఇక తెరువు. జాడ చెబుతాను విను: 'ఏళ్ళ తరబడి నువ్వు కదలని చోట'," అంది.

యక్షుడు గబగబా నెర్రెలన్నీ తడిమాడు. రాళ్ళు దొర్లించాడు. కొండ చుట్టూ పరుగెత్తి రొప్పుతూ వచ్చాడు. "అక్కడా? ఇక్కడా? కాస్త చెప్పవూ!" అని బతిమాలాడు. చెంగల్వ పెదవి బిగించి తల అడ్డంగా ఊపింది. చివరికి తాను ఇన్నేళ్ళూ కూర్చున్న బండ వంక అనుమానంగా చూసి, దాని కిందికి చేయి పోనిచ్చాడు. ఎర్ర భరిణె బయటికి వచ్చింది. గాజును ఎండకేసి చూసి యక్షుడు నవ్వాడు. అతని నవ్వుకు కొండ కొండంతా ఊగింది. నోట్లోంచి ఈసారి మంచు రాలేదు. కిందున్న మంచు చిరుగులు పడి గాలికి కొట్టుకుపోవడం మొదలుపెట్టింది.

చెంగల్వ పిట్ట ఈక తీసుకుంది. "ఇప్పుడు నువ్వు నాకు బాకీ లేవు, నేను నీకు లేను. ఇక సంతకు రా. ఈసారి ఎవరూ పారిపోరు," అంది.

తిరుగుదారిలో తాడు కొస పట్టుకుని ఉదయసేనుడు కూర్చుని ఉన్నాడు. ముఖమంతా గడ్డం, కళ్ళ కింద నల్లని చారలు. ఆమెను చూసి లేచి నిలబడి, "నువ్వు ఇంత చిన్నపిల్లవా!" అన్నాడు. వెనక సైనికులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని నవ్వుతూ, ఏడుస్తూ ఉన్నారు.

వేగవరం చేరేసరికి గవరయ్య ఊరి పొలిమేరలో నిలబడి ఉన్నాడు. జుట్టు ముగ్గుబుట్టలా పండిపోయింది. చెంగల్వ పరుగెత్తుకెళ్ళి ఆయన ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, "బాగానే ఉన్నానని అబద్ధం చెప్పావు కదూ నాయనా?" అంది. ఆయన తల ఊపాడు.

రాజు ఏం కావాలో కోరుకోమన్నాడు. చెంగల్వ, సంతకు ఎవరు వచ్చినా, ఎలాంటివాళ్ళు వచ్చినా నిలబడి వాళ్ళ మాట వినాలనే చట్టం కోరింది. రాజు సరేనన్నాడు. మరికొన్నేళ్ళకు, ఆమె మనసు తెలుసుకున్నాక, ఉదయసేనుడు గవరయ్య ఇంటికి స్వయంగా వచ్చి పిల్లనడిగాడు.

పెళ్ళినాడు కోట పట్టనంత జనం వచ్చారు. రాక్షసుడు తలుపుల్లో పట్టక గోడ అవతల కూర్చుని తొంగిచూశాడు. పురోహితుడు గట్టిమేళం అని ఎంత అరిచినా మేళగాళ్ళు పలకలేదు. వాళ్ళు పక్కవాళ్ళ ముఖాలు చూస్తూ కబుర్లలో పడిపోయారు. అక్షింతలు పట్టుకున్న ముత్తయిదువలు కూడా అంతే. ముహూర్తం కాస్త దాటిపోయిందని అంటారు. వధూవరులు కూడా గమనించలేదట.