తోమిన సీసా

"ఎవరు తోమారు దీన్ని?"

భర్త కేకకు ఆమె పరుగెత్తుకొచ్చింది! పెరట్లో బోర్లించిన పెద్ద గాజు సీసా అద్దంలా తళతళలాడుతోంది. అందులో ఉండాల్సిన ఈస్ట్ మాత్రం లేదు... ఎండు దంట్లూ గడ్డీ ఉడికించి తీసిన రసం ఘాటుకు బజారు ఈస్ట్ బతకదు. చుక్క చుక్కగా ఆ రసం అలవాటు చేస్తూ అతను ఏళ్ల తరబడి సాకింది అదొక్కటే. అది పులియబెడితేనే చెత్త ఇంధనమవుతుంది. రేపు పెట్టుబడి పెట్టే కంపెనీవాళ్లు చూడటానికొస్తున్నారు. తొట్టిలో రసం పులిసి పొంగకపోతే ఈ పని చేసే షెడ్డు మూసుకోవడమే!

తలుపు వెనక అత్తగారు ఒదిగి నిలబడ్డారు. ఉద్యోగం మానేసి గడ్డి ఉడకబెట్టుకుంటున్నాడని కొడుకుతో ఏళ్లుగా మాటల్లేవు ఆవిడకు. మొన్ననే మనసు కరిగి వచ్చారు. పొద్దున ఆ నురగా ఆ కంపూ చూసి, పెద్దమనుషులొచ్చే వేళకు ఇదేం పాచి అనుకుని, చాకలి సోడా వేసి, మరిగే నీళ్లు పోసి మరీ తోమారు! కొడుకు పనిలో ఆవిడ చెయ్యి వేయడం అదే మొదలు...

కోడలు ముందుకొచ్చింది. "నేనేనండీ... మురికనుకుని..."

"రోజూ దానికి మేత వేసేదానివి, నీకు తెలీదా? నా కొంప ముంచావు కదే! నా కళ్లెదుట ఉండకు, పో!"

ఆమె తల వంచుకుంది. ఈ మాటలు అత్తయ్యకు తగిలితే మళ్లీ ఈ గడప తొక్కుతారా?

"ఆ పిల్లనేమీ అనకురా!" అత్తగారు ఏడుస్తూ బయటికొచ్చారు. "ఆ పాపిష్టి పని చేసింది నేను... నీకు సాయం చేద్దామనుకున్నా నాయనా!"

అతను తల్లి చేతులు చూశాడు. సోడాకు ఎర్రగా పొక్కిపోయాయి. తర్వాత భార్యను చూశాడు. ఆమె భుజమ్మీద చెయ్యి వేసి, "నన్ను క్షమించు..." అన్నాడు.

సాయంత్రం బజారు ఈస్ట్ తెచ్చి తొట్టిలో కలిపాడు. ముగ్గురూ దాని పక్కనే కూర్చున్నారు. రసం కదలకుండా నల్లగా నిలిచిపోయింది.

"బుడగలొస్తాయా నాయనా?"

రావని అతనికి తెలుసు. భార్యకూ తెలుసు...

"వస్తాయమ్మా. కాస్త ఆలస్యమవుతుందంతే," అంటూ తల్లి చేతులకు వెన్న రాశాడు.