ఇరవై మూడో బల్ల

పొద్దున్న ఆరున్నరకి ఇంటి ముందరి కొట్టు షట్టరు సగం లేపిన కొట్టమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇంటి వెనక నుంచి ఇనుము మీద ఆకురాయి గీస్తున్న చప్పుడు. రెండు పొడుగు తోపులు, ఒక పొట్టి తోపు, ఊపిరి తీసుకునేంత విరామం. మళ్లీ రెండు పొడుగు, ఒకటి పొట్టి.

రోజూ ఆ వేళకి ఆమె గోడౌన్లో సరుకు దింపించుకుంటూ ఉంటుంది. ఇవాళ లారీ రాలేదు కాబట్టి ఇంట్లో ఉంది. వీధిలో అందరూ ఆమెని కొట్టమ్మ అనే పిలుస్తారు. మేకులు, బోల్టులు, గొలుసులు అమ్మే ఆ ఇనప కొట్టుని పదిహేడేళ్లుగా ఒంటిచేత్తో నడుపుతోంది. కడ్డీని నేలకేసి కొట్టి, ఆ మోతని బట్టి సరుకు మంచిదో కల్తీదో చెప్పేస్తుంది. అలాంటి చెవి ఇప్పుడు చెబుతున్న మాటని మాత్రం ఆమె నమ్మదలచుకోలేదు. ఆ తోపు ఆమె భర్తది. ఆయన పోయి పదిహేడేళ్లయింది.

వసారాలో కూర్చున్న అత్తగారు తల తిప్పి వెనక్కి చూసింది. ముసలావిడకి చెవులు పోయి నాలుగేళ్లయింది. పక్కన పళ్లెం జారిపడ్డా కన్నార్పదు.

"వాడికి టీ ఇచ్చావా?"

"ఎవరికి అత్తయ్యా?" కొట్టమ్మ ఆవిడ కళ్లెదుటికి వెళ్లి, పెదాలు కదిపి అడిగింది.

"ఇంకెవరికి? పొద్దున్నే పనిలోకి దిగాడుగా. ఖాళీ కడుపుతో గీస్తే చెయ్యి వణుకుతుంది వాడికి."

కొట్టమ్మ వెనక్కి నడవబోయింది. ముసలావిడ ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్లలో అంత బలం ఉందని కోడలికి అన్నాళ్లూ తెలియదు. "ముందు టీ పెట్టు. వాడెక్కడికీ పోడు" అంది. పెట్టేదాకా వదల్లేదు. నీళ్లు మరిగేలోపు చప్పుడు ఆగిపోయింది.

వెనక షెడ్డు తాళంచెవి కొట్టమ్మ నడుముకున్న గుత్తిలోనే ఉంటుంది. వెళ్లి చూస్తే తాళం తాళంగానే ఉంది. దాని మీద సాలెగూడు కూడా చెదరలేదు. తీసింది. లోపల ఎవరూ లేరు. కిటికీకి ఊచలున్నాయి. ఆయన బల్ల, దాని మీద ఇనుముని బిగించి పట్టే వైసు పెట్టిన చోటే ఉన్నాయి. బల్ల మీద మాత్రం గుప్పెడు ఇనప రజను. రజనుకి గాలి తగిలితే రెండు రోజుల్లో ఎర్రబడుతుందని ఆమెకి తెలుసు. ఇది వెండిలా మెరుస్తోంది. ఈ పొద్దుటి సరుకే. వైసు దవడ మీద వేలు పెట్టింది. గోరువెచ్చగా ఉంది.

రజను పక్కన అరచేతిలో పట్టేంత ఇనప ముక్క ఉంది. మధ్యలో చదరపు గాడి. ఓ మూల ప్రభుత్వ శిక్షణ కేంద్రం గుర్తు, దాని కింద అచ్చు గుద్దిన అంకె: 23. ఆయన పని నేర్చుకున్నది ఆ కేంద్రంలోనే. ఆయన పనిముట్లన్నిటి మీదా ఉండేది ఆ అంకే.

ఆమె మనసు బేరానికి దిగింది. దయ్యానికి ఇనుముతో పనేముంటుంది? ఎటు నుంచి చూసినా గిట్టుబాటు కాని వ్యవహారం. ఎవరో మనిషే వచ్చాడు. మరి తాళం?

బయటికొచ్చి తలుపు లాగింది. పదిహేడేళ్లు మూసి ఉన్న తలుపు కిర్రుమనలేదు. మడతబందుల మీద వేలు రాస్తే పచ్చి నూనె అంటింది. తాళం జోలికి పోకుండా సీలలు ఊడదీసి, తలుపుని అటువైపు నుంచి తెరిచి మళ్లీ బిగించారు. దొంగలు అంత శుభ్రంగా పని చెయ్యరు. ఆమె తాళంచెవి పారేసుకున్నప్పుడల్లా ఆయన ఇలాగే తెరిచి నవ్వేవాడు. "తాళం కప్పకి పెట్టే ఖర్చు మడతబందులకి పెట్టవే" అనేవాడు.

ఆమె వీపు మీద చల్లటి చెయ్యి పెట్టినట్టయింది.

కొట్టు మూసి, ముక్కని సంచీలో వేసుకుని శిక్షణ కేంద్రానికి బస్సెక్కింది. కూతురు అప్పటికే అకౌంట్ల కోర్సుకని వెళ్లిపోయింది. ఏడాదిగా అదే బ్యాగు, అదే బస్సు.

కేంద్రం వర్క్‌షాపు పొడుగాటి రేకుల షెడ్డు. నలభై బల్లలు, నలభై వైసులు, నలభై మంది. ఇలాంటి కేంద్రాలు ప్రభుత్వం ప్రతి ఊళ్లోనూ పెట్టింది. అన్నిట్లోనూ ఒకే పాఠం, ఒకే కొలత, ఒకే పరీక్ష. ఊళ్లలో పంపులు ఆడుతున్నా, ఆసుపత్రుల్లో లిఫ్టులు కదులుతున్నా ఇక్కడ బొబ్బలెక్కిన చేతుల వల్లే.

ఆమె గుమ్మంలో నిలబడి కళ్లు మూసుకుంది. నలభై చప్పుళ్లలోంచి ఒక్కటి విడిపోయి వినపడింది. రెండు పొడుగు, ఒకటి పొట్టి. కళ్లు తెరవకుండానే దాని వైపు నడిచింది. తెరిచేసరికి ఎదురుగా నీలం కోటులో ఓ వీపు, టోపీ. మూడో తోపుకి కుడి భుజం కొంచెం కిందికి వాలుతోంది. అచ్చం ఆ వాలే.

"ఏమండీ" అంది.

ఆ మనిషి వెనక్కి తిరిగాడు. తిరిగింది కూతురు.

కూతురు ఆకురాయిని బల్ల మీద పెట్టింది.

"అకౌంట్ల కోర్సన్నావు" అంది కొట్టమ్మ.

"ఇనుము మాటెత్తితే గుమ్మం దాటనిస్తావా?"

"ఇంట్లో ఒకణ్ణి మింగింది చాలదూ? చేర్చుకోడానికి పెద్దవాళ్ల సంతకం కావాలిగా. ఎవరు పెట్టారు?"

"నానమ్మ వేలిముద్ర."

"ఆవిడా?"

"నువ్వు ఇంట్లో ఉంటే నిన్ను ఆపేది కూడా ఆవిడే. మడతబందుల కిటుకు చెప్పిందీ ఆవిడే. నేను షెడ్డులోకెళ్తూ ఆవిడ భుజం తట్టి వెళ్తాను. పాపం, ఆవిడకేం వినిపిస్తుంది? నాన్న కూడా నీ అంత బాగా అబద్ధాలాడేవాడా అని అడిగితే, వాడికి నేర్పిందే నేను అంది."

కొట్టమ్మకి నవ్వు రాలేదు గానీ గుండెలో ఓ రాయి పక్కకి జరిగింది. దయ్యం లెక్క తేలింది. ఒక్కటే మిగిలింది. "నాన్న పోయేనాటికి నువ్వింకా నా కడుపులోనే ఉన్నావు. ఆయన తోపు నీకెవరు నేర్పారు?"

తలనెరిసిన మాస్టారు దగ్గరికొచ్చాడు. "ఈ వైసు నేర్పిందమ్మా. రెండు తోపులకి ముక్క కాస్త జరుగుతుంది, మూడోది పొట్టిగా తోసి సర్దుకోవాలి. ఇరవై మూడో బల్ల దగ్గర ఎవరు నిలబడ్డా చెయ్యి ఇలాగే తిరుగుతుంది. ఇక బయట ఏ వైసు మీద పని చేసినా మారదు."

"బాగు చెయ్యించలేదా?"

"మొదటివాడు బాగు చెయ్యనివ్వలేదు. మీ ఆయనే. పాడు వైసు మీద నేర్చుకున్నవాడు ఎక్కడైనా బతుకుతాడనేవాడు. ఆయన తర్వాత ఈ బల్ల నుంచి పదిహేడు మంది వెళ్లారు. రైళ్ల షెడ్డులో ఒకడు, నీళ్ల పంపుల దగ్గర ఇంకొకడు. ఎవరు గీసినా ఇదే చప్పుడు."

ఆయనతోపాటు కాలిపోయిందనుకున్న చప్పుడు. అది ఈ పదిహేడేళ్లూ ఎక్కడో ఒకచోట, ప్రతి పొద్దున్నా వినిపిస్తూనే ఉందన్నమాట. తను మాత్రం షెడ్డుకి తాళం వేసి దాచుకున్నాననుకుంది.

కూతురు కాగితం ముందు పెట్టింది. "ఏడాది అప్రెంటిస్‌కి వేశారు. ఈసారి తల్లి సంతకమే కావాలట. సాయంత్రం ఐదింటికి ఆఖరు."

కొట్టమ్మ చదివింది. ఆయన చచ్చిపోయిన మిల్లే.

"దీనికి నేను పెట్టను."

"మర నాన్నని చంపలేదమ్మా. తొందరలో దానికి చెయ్యి పడకుండా ఉండే అడ్డు జాలీ తీసేసి నడిపించిన వాళ్లు చంపారు. నన్ను వేసింది జాలీలు బిగించే విభాగంలోనే. అక్కడ నేనుంటే తీసినవాడు నాకు జవాబు చెప్పాలి. నేను లేకపోతే ఎవరికీ చెప్పక్కర్లేదు."

కొట్టమ్మ సంచీని బల్ల మీద పెట్టింది; లోపల ఇనుము మోగింది. కూతురు ఆమె సంచీలోంచి ఆ ఇనప ముక్క తీసింది. "మొదటివాడు చేసిన గాడిముక్క బల్లకే ఉంటుంది. తర్వాత వచ్చే ప్రతివాళ్లూ దానికి జోడీ చెయ్యాలి. నాది కుదరక రోజూ ఇంటికి పట్టుకొచ్చి గీశాను, ఇవాళ పొద్దున్నకి కుదిరింది." తన జేబులోంచి రెండో ముక్క తీసి గాడిలోకి తోసింది. టక్కున కూర్చుంది. కిటికీ వెలుగుకి ఎత్తి పట్టింది. "చూడు."

కొట్టమ్మ కన్ను దగ్గరగా పెట్టి చూసింది. ఇనుముతో ఇన్నేళ్ల పరిచయం ఆమెది. ఎంత గొప్ప జోడీలోనైనా వెంట్రుకవాసి సందుని వెలుగు పట్టిస్తుంది. ఇందులో దొరకలేదు. తండ్రి ఎక్కడ ఆగాడో, కూతురు ఎక్కడ మొదలయ్యిందో తెలియలేదు. ఒక్కసారైనా చూసుకోని ఆ ఇద్దరూ ఆమె కళ్లెదుట చేతులు పట్టుకుని నిలబడినట్టుంది.

ఆమె కళ్లు మసకబారాయి. "పెన్నివ్వు" అంది. కాగితం మీద సంతకం పెట్టింది. "జాలీ లేని మర దగ్గరికి వెళ్లావంటే కాళ్లు విరగ్గొడతాను."

"నువ్వు విరగ్గొట్టే ముందే తిరిగొస్తాలే" అంటూ కూతురు ఆమె భుజం మీద తల పెట్టింది. ఇనుమూ నూనే కలిసిన వాసన. పదిహేడేళ్ల తర్వాత ఆయన ఒంటి వాసన ఆమెని తాకింది.

పై సోమవారం తొలి బస్సుకి కూతురు మిల్లుకి వెళ్లింది. కొట్టమ్మ బస్సు కదిలేదాకా నిలబడి, ఇంటికొచ్చి, షెడ్డు తాళం కప్ప తీసి చెత్తలో పడేసింది. తలుపు బార్లా తెరిచింది. లోపల ఎవరూ లేరు. బల్ల శుభ్రంగా తుడిచి ఉంది. ఆరున్నరకి షట్టరు సగం లేపింది.

రెండు పొడుగు. ఒకటి పొట్టి.

వసారాలో అత్తగారు తల తిప్పింది. ఇవాళ ఆవిడ భుజం తట్టినవాళ్లెవరూ లేరు. "విన్నావా?" అంది మెల్లగా.

వెనక్కి వెళ్లి రజను ఉందో లేదో చూడొచ్చు. వైసు వెచ్చగా ఉందో లేదో వేలు పెట్టొచ్చు. తూచకుండా ఏ సరుకూ దింపుకోని మనిషి తను. కొట్టమ్మ వెళ్లలేదు.

"విన్నాను అత్తయ్యా" అంది. మూడు గ్లాసుల్లో టీ పోసి, ఒకటి షెడ్డు గుమ్మంలో పెట్టి వచ్చింది.