ఆపే కార్డు

"మాటిచ్చి పొడుస్తావా? సిగ్గుండాదా నీకు?"

ఆసియా చేతిలోని కార్డులన్నీ బల్ల మీద పడేసింది. ఎదురుగా కూర్చున్న తౌఫిక్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఈ రౌండు వరకే ముట్టనని చెప్పినా. రౌండు అయిపాయె. నీ కోట, నా డ్రాగన్. ఇంకేముండాది?"

"వీన్ని నమ్మొద్దని మొదట్నుంచీ చెప్తానే ఉండా," అంది ఆసియా స్నేహితురాలు మల్లీశ్వరి.

తాడిపత్రిలో యేసన్న జిరాక్స్ షాపు ఆదివారం మధ్యాహ్నం సగం షట్టరు దించుకుని ఉంటుంది. లోపల యేసన్నతో కలిపి ఈ నలుగురూ కార్డులు ఆడతారు. పేకాట కాదు. డ్రాగన్లు, మంత్రగత్తెలు, కోటలు ఉన్న రంగురంగుల కార్డులు. ఒకరితో ఒకరు మార్చుకుంటూ ఎవరి కట్ట వాళ్లు కూర్చుకున్నారు. ఆఖరికి ప్రాణంతో మిగిలినవాళ్లదే గెలుపు. కార్డుల బలం సగమే. ఎవరితో కలవాలి, ఎవరిని ఎప్పుడు వదిలేయాలి అన్నదే మిగతా ఆటంతా.

ఆసియా ముందుకు దూకే రకం. గెలిచేలా కనపడగానే ముగ్గురూ కలిసి ఆమె మీద పడేవారు. బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే తౌఫిక్ అలా కాదు. ఎవరైనా పెద్ద రాక్షసుణ్ణి దించితే, దాన్ని ఆపే కార్డు దగ్గరున్నా బయటికి తీయడు. పక్కవాళ్లు భయపడి తమది వాడేసేదాకా చూస్తాడు.

రెండో ఆటలో యేసన్న ఏడుతలల పామును దించాడు.

"తౌఫిక్, నీ దగ్గరుండాది కదా? ఆపు!" అంది ఆసియా.

"నా దగ్గర యాడిది?"

భయపడి మల్లీశ్వరి తన కార్డు వాడేసింది. ఆ ఆటా తౌఫిక్‌దే. ఆపే కార్డు అతని చేతిలోనే మిగిలింది.

"నీతో బతకడం కష్టమప్పా," అంది ఆసియా. అన్న తర్వాత చెవులు వేడెక్కాయి. తౌఫిక్ అవసరం లేకపోయినా కార్డులు సర్దడం మొదలుపెట్టాడు.

బయట మబ్బు పట్టింది. షట్టరు కింద నుంచి చల్లటి గాలి వచ్చింది.

"గోరంట్ల నుంచి సంబంధం వచ్చింది," అంది ఆసియా మెల్లగా. "అబ్బాయి పేరు సైఫుల్లా. శుక్రవారం లోపల ఏదో ఒకటి చెప్పాలంట."

ఆమె తౌఫిక్‌నే చూస్తోంది. మిగతా ఇద్దరూ అతన్నే చూస్తున్నారు.

"గోరంట్లకి బస్సులు బాగానే ఉండాయిలే," అన్నాడు తౌఫిక్.

ఆమే వద్దంటుందిలే అనుకున్నాడు. లేదంటే మల్లీశ్వరే ఆసియా వాళ్లమ్మతో మాట్లాడుతుంది. ముందు తనే నోరు తెరిస్తే, ఆసియా పకపకా నవ్వితే? మల్లీశ్వరేమో, ఆ మాట తౌఫిక్కే చెప్పాలిగానీ నేనెవరిని అనుకుంది.

చినుకు రాలకుండానే మబ్బు తేలిపోయింది.

శుక్రవారం సాయంత్రం మల్లీశ్వరి తౌఫిక్‌కి ఫోన్ చేసింది. "ఒప్పుకున్నారంట. ఆదివారం నిశ్చితార్థం."

ఆదివారం పొద్దున్నే అతను ఆసియా ఇంటికి పోయాడు. ఆమె గడప ముందు నీళ్లు చల్లుతోంది.

"ఆసియా, నువ్వు వద్దంటావనుకున్నా."

"ఏం చెప్పి వద్దనాల?" ఆమె తలెత్తలేదు. "ఎవరన్నా ఉండారా మే, ఉంటే చెప్పు, అని అమ్మ అడిగింది. మూడు దినాలు అడిగింది. ఎవరుండారని చెప్పేది?"

"నేనుండా."

ఆసియా చెంబు కింద పెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగినా గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "ఈ మాట ఆ దినం చెప్పింటే, నాయన కాళ్లు పట్టుకోనైనా ఒప్పిచ్చింటి. ఇప్పుడు నా నోటితోనే సరే అన్నా. వాళ్లు బస్సెక్కి వస్తాండారు తౌఫిక్."

లోపలి నుంచి ఆమె తండ్రి మీరా హుస్సేన్ వచ్చాడు. "మంచి టైముకి వచ్చినావప్పా! బస్టాండుకి పోయి వాళ్లని పిల్చుకొని రా. వాళ్లకి ఈ సందులు తెలీవు."

తౌఫిక్ ఆమె వైపు చూశాడు. ఆమె అప్పటికే లోపలికి పోయింది.

బస్టాండులో పెద్దవాళ్లని ఆటో ఎక్కించి, సైఫుల్లాని తన బండి మీద ఎక్కించుకున్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు. కొత్త చొక్కా నలగకుండా జాగ్రత్తగా కూర్చున్నాడు.

"అన్నా, నీకు ఆసియా తెలుసంట కదా. ఏం మాట్లాడితే ఇష్టపడతాది?"

అబద్ధం చెప్పడానికి తౌఫిక్‌కి చాలా దారులు కనపడ్డాయి.

"నీ మనసులో ఏముండాదో ఈ పొద్దే చెప్పేయ్," అన్నాడు. "ఆమె ముందు చెప్తాదిలే అని కూర్చోవద్దు."

"అంతేనా?"

"కోపమొస్తే అరుస్తాది. అరవనీ."

సైఫుల్లా నవ్వాడు. తౌఫిక్ సందులోకి తిరిగి బండిని నెమ్మదిగా పోనిచ్చాడు. ఎంత నెమ్మదిగా పోనిచ్చినా ఇల్లు వచ్చేసింది.