ఎడమవైపు వెనక తలుపు

వెంకటరత్నానికి పెనుగొండ బజారులో ఇనపసామాను కొట్టుంది. మేకులూ, బోల్టులూ, గడియలూ అమ్మి అమ్మి, విరిగిన వస్తువు ఏది కనబడినా తనే బాగుచెయ్యగలనన్న నమ్మకం ఆయనకు బాగా ముదిరిపోయింది. ఆయన విప్పిన మిక్సీ మూడేళ్ళుగా అటక మీదే ఉందని భార్య దేవకుమారి వచ్చినవాళ్ళందరికీ చెబుతూ ఉంటుంది. ఆ మధ్యాహ్నం ఆయన స్క్రూడ్రైవర్లు పట్టుకుని పోర్టికోలో ఉన్న కారు వైపు వెళుతుంటే ఆవిడ గుమ్మంలోంచే ఆపింది.

"మెకానిక్ వీరబ్రహ్మాన్ని పిలవకూడదూ? పిల్లకి నెలలు నిండాయి. ఎప్పుడు బయల్దేరాల్సొస్తుందో ఏంటో."

"చిన్న పనేలే," అన్నాడాయన.

పురిటికొచ్చిన కూతురు పూజితకి బీపీ ఎక్కువ. నొప్పులొస్తే వెనకసీట్లో పడుకోబెట్టే తీసుకురమ్మని తణుకు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కారుకి కుడివైపు వెనక తలుపును రెండేళ్ళ కిందట వెంకటరత్నమే బాగుచేశాడు. అప్పట్నుంచి అది తెరుచుకోదు. ఇప్పుడు ఎడమవైపుదీ అలాగే తయారైంది. బయటి హ్యాండిల్ లాగితే ఊరికే ఊగుతోంది. లోపలిది మొదలంటా విరిగిపోయింది.

అది ఎలా విరిగిందని వీరబ్రహ్మం అడుగుతాడు. వెంకటరత్నం భయం అదే.

ముందు సీట్ల మధ్యలోంచి దూరి వెనక్కి వెళ్ళాడు. మూడు రోజులుగా ముసురు. మూడు గంటలకే కారులో చీకటిగా ఉంది. ఫోన్ లైటు వేసి సీటు మీద ఆనించాడు. మూసి ఉన్న కారు వాసన... దాని అడుగున సన్నగా నొప్పుల తైలం వాసన. అమ్మ మోకాళ్ళకి రాసుకునేది. ఆవిడ పోయి పదిహేను రోజులైనా ఆ వాసన పోలేదు.

ఆ రోజు తల్లి అప్పాయమ్మకి ఎగశ్వాస మొదలైంది. ఎనభై రెండేళ్ళు. పంతులుగారికి ఫోన్ చేస్తే, "ధనిష్ఠ బాబూ, ఐదింటిదాకా ఉంది. ఈలోగా ఇంట్లో పోతే ఆర్నెల్లు ఇల్లు మూసెయ్యాలి," అన్నారు. గృహప్రవేశం చేసి మూడు నెలలు కాలేదు. నిండు చూలాలిని తీసుకుని ఎక్కడికి పోతాడు? ఆస్పత్రికని చెప్పి తల్లిని ఎత్తుకొచ్చి ఈ సీట్లో కూర్చోబెట్టాడు. ఆస్పత్రికి వెళ్ళలేదు. కాలవగట్టు మీద కారాపి, దిగి, గొడుగు వేసుకుని వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు.

ఆవిడ లోపలి హ్యాండిల్ లాగింది. పిల్లలు తియ్యకుండా వేసే లాక్ వేసి ఉంది కాబట్టి తలుపు రాలేదు. మళ్ళీ లాగింది. "ఇంటికెళ్దాం నాన్నా," అనడం అద్దంలోంచి వినిపించింది. ఆయన వినబడనట్టు కాలవ వైపు తిరిగాడు. నాలుగుంపావుకి హ్యాండిల్ విరిగిన చప్పుడైంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

దారిలో పోయిందని అందరికీ చెప్పాడు. బయట పోయిన మనిషిని లోపలికి తేకూడదని గేటు బయట షామియానా కిందే ఉంచారు. ఆవిణ్ణి దించాక ఆయన చేత్తో మూసిన ఈ తలుపు మళ్ళీ తెరుచుకోలేదు. పెద్దకార్యం అయిపోయింది. గుండు మీద వెంట్రుకలు మొలుస్తున్నాయి. సిగ్గు మాత్రం తగ్గలేదు.

స్క్రూలు విప్పి తలుపు లోపలి అట్టను లాగాడు. క్లిప్పులు టపటపా ఊడొచ్చాయి. రేకు కంతలోంచి చెయ్యి పెట్టాడు. చల్లగా తగిలింది. బయటి హ్యాండిల్ నుంచి వచ్చే కమ్మీ క్లిప్పులోంచి జారిపోయి ఉంది. ఇంతేనా అనుకున్నాడు. వేలితో నొక్కితే టక్కున కూర్చుంది.

అప్పుడు రెండో కమ్మీ కదిలింది.

అది లోపలి హ్యాండిల్‌ది. దాని చివర హ్యాండిలే లేదు. అయినా ఎవరో లాగినట్టు మెల్లగా ముందుకొచ్చింది... ఆగింది... వెనక్కి పోయింది. సత్తువలేని చెయ్యి లాగినట్టుంది. మళ్ళీ వచ్చింది.

ఆయన చెయ్యి బయటికి లాక్కున్నాడు. తైలం వాసన గుప్పుమంది. పక్కన సీటు మీద ఆనించిన ఫోన్ తనంతట తనే అటువైపు ఒరిగింది... అక్కడ ఎవరో కూర్చుంటే సీటు కుంగినట్టు.

"అమ్మా... నువ్వేనా?"

కమ్మీ ఆగిపోయింది.

ఫోన్ తీసుకోకుండానే ముందు సీట్ల మీదుగా పాకి బయటపడ్డాడు. ఈ తలుపు ఇక జన్మలో తియ్యకూడదు. కారు ఇలాగే తుక్కు కింద ఇచ్చెయ్యాలి...

"ఏవండీ," గుమ్మంలోంచి దేవకుమారి కేకేసింది. "పూజితకి నొప్పులొస్తున్నాయి. కళ్ళు తిరుగుతున్నాయంటోంది. తలుపు తియ్యండి, పడుకోబెడదాం."

కూతురు తల్లి భుజం మీద వాలిపోయి ఉంది. మొహంలో నెత్తురు లేదు.

వెంకటరత్నం బయటి హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. తీస్తే అమ్మ ఇంట్లోకి వెళుతుంది. తియ్యకపోతే పిల్ల దక్కదు.

"తియ్యరేంటండీ..."

"పిల్ల జోలికి రాకమ్మా," అని గొణిగి, లాగాడు.

కొత్త కారు తలుపులా తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు. కానీ ఆయన చంక కిందుగా చల్లటి గాలి ఒకటి, తైలం వాసనతో, మెల్లగా మెట్ల వైపు వెళ్ళింది.

గుమ్మంలో ఉన్న దేవకుమారి కూతుర్ని పొదివి పట్టుకుని ఓ పక్కకి ఒదిగింది. తలెత్తి చూడలేదు. భుజం మీద పమిట సర్దుకుంది. పెద్దవాళ్ళు దాటేదాకా ఆగినట్టు ఒక్క క్షణం ఆగి, అప్పుడు మెట్లు దిగింది.

"ఎవరికి దారిచ్చావు?" గుసగుసగా అడిగాడు.

"ఏంటండీ? ముందు పిల్లని పట్టుకోండి."

తను దారిచ్చిన సంగతి ఆవిడకే తెలియదు. పూజితని వెనకసీట్లో పడుకోబెట్టి, తల ఒళ్ళో పెట్టుకుంది. తలుపు చక్కగా పడింది.

"డాక్టరమ్మ ఫైలు హాల్లో టేబుల్ మీదుంది, తెచ్చెయ్యండి."

ఆయన వెనక్కి తిరిగాడు. ఇంటి తలుపులు మూసి ఉన్నాయి.

"నువ్వు వేశావా?"

"నా రెండు చేతులూ పిల్ల మీదే ఉంటే ఎలా వేస్తానండీ?"

మెట్లెక్కి తోశాడు. కదల్లేదు. లోపల గడియ పెట్టి ఉంది. ఇంట్లో ఉండేది ముగ్గురే. ముగ్గురూ బయటే ఉన్నారు. చెవి ఆనించాడు... లోపల ఎవరో నింపాదిగా పై గడియ కూడా పెడుతున్నారు.

పై గడియ అప్పాయమ్మకి బతికుండగా ఏనాడూ అందేది కాదు.