చెరిపాక నాలుగు మైళ్లు

పెనం మీద గుడ్లు కొట్టి పోస్తూ వెర్నా కిటికీలోంచి చూసింది. భర్త లైల్ మళ్లీ కూతురి కారులో కూర్చుని ఉన్నాడు. పది రోజులుగా ఇదే వరస. తెల్లారగానే తాళం పట్టుకుని వెళ్లడం, ఐదు నిమిషాలు స్టీరింగు కిందికి వంగి ఏదో చేసుకోవడం, ఏమీ ఎరగనట్టు వచ్చి కాఫీకి కూర్చోవడం. బేకర్స్‌ఫీల్డ్ ఊళ్లో నలభై ఏళ్లు సొంత మెకానిక్ షాపు నడిపినవాడికి కారు ముట్టుకోకపోతే పొద్దు గడవదులే అని ఆవిడ సరిపెట్టుకుంది. సరిపెట్టుకోవడంలో ఆవిడను మించినవాళ్లు ఆ వీధిలో లేరు.

కూతురు జనెల్ నర్సు యూనిఫారంలో హడావుడిగా వచ్చి కూర్చుంది. విడాకులయ్యాక పుట్టింట్లోనే ఉంటోంది. పొద్దున్నించి సాయంత్రం దాకా కారేసుకుని రోగుల ఇళ్లకు తిరగడమే ఆమె ఉద్యోగం.

"అమ్మా, ఇవాళ ఒక గంట ఖాళీ దొరికింది. కారుకి పొగ పరీక్ష చేయించేస్తా," అంది.

అప్పటికే లోపలికొచ్చి కాఫీ తాగుతున్న లైల్ కప్పు కింద పెట్టబోతే కాఫీ బల్ల మీద ఒలికింది. కూతురు చూసేలోగా వెర్నా గుడ్డ పెట్టి తుడిచేసింది.

"శుక్రవారం వెళ్తానన్నావుగా," అన్నాడు లైల్.

"శుక్రవారంతో రిజిస్ట్రేషన్ గడువే అయిపోతుంది నాన్నా. పరీక్ష పాసైతేగానీ కొత్తది ఇవ్వరు. ఆ రోజు ఫెయిలైతే ఎక్కడికి పోను? రిజిస్ట్రేషన్ లేని కారైతే డ్యూటీ లేదని మా ఆఫీసులో తెగేసి చెప్పారు."

"ఇవాళ మాత్రం వద్దు."

"ఎందుకు వద్దు? పొగగొట్టానికుండే సెన్సార్ మార్చావు, డాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు ఆరిపోయింది. ఇంకేం కావాలి?"

"ఇంజిన్ కాస్త సర్దుకోవాలి."

"దానికి కూడా నీలాగే మోకాళ్ల నొప్పులా ఏంటి?" అని నవ్వి, టోస్టు ముక్క నోట్లో పెట్టుకుని వెళ్లిపోయింది జనెల్.

కారు మలుపు తిరిగేదాకా లైల్ గుమ్మంలోనే నిలబడ్డాడు. ఏమైందని అడుగుదామనుకుంది వెర్నా. అడిగితే జవాబు చెప్తాడేమోనని భయమేసి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

గంట తిరక్కుండానే జనెల్ వచ్చేసింది. చేతిలో కాగితం ఉంది, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పరీక్షే చెయ్యలేదు. కారు కంప్యూటర్ ఖాళీగా ఉందట. లైటు చెరిపేస్తే పాత లెక్కలన్నీ పోతాయట, మళ్లీ కొన్నాళ్లు తిరిగితేగానీ పరీక్షకు పనికిరాదట. చెరిపి పది రోజులైంది కదా అన్నాను. పరీక్ష చేసేవాడు నన్ను జాలిగా చూసి తెర ఇటు తిప్పాడు. చెరిపాక నడిచింది నాలుగు మైళ్లు." ఆమె తండ్రి వైపు తిరిగింది. "మన ఇంటి నుంచి అక్కడికి నాలుగు మైళ్లే నాన్నా."

జనెల్ ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

"రోజూ పొద్దున్నే చెరుపుతున్నావా? లైటు మళ్లీ మళ్లీ వస్తోందా? ఆ బండిలో నేను హైవే మీద పోతున్నాను."

"అది ప్రమాదం కాదమ్మా. పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది, అంతే. ప్రమాదమే అయితే నీకు తాళం ఇచ్చేవాణ్ణి కాదు."

"అయితే నువ్వు మార్చిన సెన్సార్ సంగతేంటి?"

లైల్ గ్యారేజీ వైపు చూశాడు. వెర్నా వెళ్లి, అలమారలో మొన్న దుమ్ము దులుపుతూ పక్కకు జరిపిన చిన్న అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో కొత్త సెన్సార్ కొన్నది కొన్నట్టే ఉంది.

"పాతది ఊడిరాలేదు," అన్నాడు లైల్. "తుప్పు పట్టి బిగుసుకుపోయింది. రెంచి నా చేతిలో నిలవలేదు."

"ఎవరినైనా పిలవచ్చు కదా?"

"నా కూతురి కారు బాగుచెయ్యడానికి ఇంకొకణ్ణా?"

ఆ మాటంటూ అరచెయ్యి బల్ల మీద ఆనించాడు. చెయ్యి వణికింది. దాని మీద రెండో చెయ్యి వేశాడు. ఇప్పుడు రెండూ వణికాయి.

జనెల్ కోపం ఎక్కడిదక్కడే ఆగిపోయింది. మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఎప్పట్నుంచి ఇలా?"

"పోయిన నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ నుంచి," అంది వెర్నా. "పండక్కి వండిన టర్కీ కోడిని కోస్తుంటే కత్తి జారింది. నీకు కనబడకుండా నేనే అందుకున్నాను."

"అంటే నీకూ తెలుసు." జనెల్ కళ్లు నిండిపోయాయి. "రోజంతా ఊళ్లోవాళ్ల చేతులు పట్టుకుని నాడి చూస్తానమ్మా. ఇంట్లో నాన్న చెయ్యి మాత్రం నా కంటపడకుండా దాచారు. ఇద్దరూ కలిసి."

 ఆయన పరువు కాపాడుతున్నాననే వెర్నా ఇన్నాళ్లూ అనుకుంది.

జనెల్ లేచి ఆఫీసుకి ఫోన్ చేసి సెలవు చెప్పింది. తండ్రిది పాత చొక్కా ఒకటి తొడుక్కుని, ముందు చక్రాలు ఎత్తే ర్యాంపుల మీదికి కారునెక్కించి కిందికి దూరింది. లైల్ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఒక్కో మాటే చెప్పాడు.

"పొగగొట్టం కాలుతుంది, చొక్కా చేతులు కిందికి లాక్కో. ఎడమకి తిప్పు. అది బాగా ఏడిపిస్తుంది, నువ్వు మాత్రం ఏడవకు."

"నేనేం ఏడవట్లేదు," అంది కారు కింద నుంచి ఏడుపు గొంతు.

అరగంటకు సెన్సార్ కదిలింది. కొత్తది బిగించాక లైల్ లైటు చెరిపే స్కానర్ ఆమెకిచ్చాడు. "నువ్వే చెరుపు. ఇదే ఆఖరుసారి. ఇక మూడు రోజులు దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఊళ్లో కాస్త, హైవే మీద కాస్త తిరగనిస్తే అదే సిద్ధమవుతుంది."

"సరే. ఇప్పుడు నీ వంతు," అంది జనెల్. చేతులు కడుక్కుని క్లినిక్‌కి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి తండ్రి ముందుంచింది.

అవతల ఎవరో అమ్మాయి ఇబ్బందేమిటని అడిగింది. 

"చేతులు వణుకుతున్నాయి," అన్నాడు లైల్.

"ఎన్నాళ్లుగా సార్?"

పోయిన నవంబరు నుంచి అని చెప్పబోయి వెర్నా నోరు తెరిచింది.

"మూడేళ్లు," అన్నాడు లైల్. "షాపు మూసేసింది అందుకే."

 ఇన్నాళ్లూ కష్టపడ్డాను, ఇక నీతో గడపాలనుంది అని చెప్పి ఆయన షాపు మూశాడు. ఆ మాట వెర్నా చర్చిలో ఎంతమందికో మురిసిపోతూ చెప్పుకుంది. మూడేళ్లు ఆయన ఒంటరిగా ఎంత భయపడి ఉంటాడో ఇప్పుడు తలుచుకుంటే ఆవిడకు దుఃఖం ఆగలేదు.

వెళ్లి ఆయన పక్కన కూర్చుని, చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. అది వణుకుతూనే ఉంది. అవతలి అమ్మాయి తర్వాతి ప్రశ్న అడిగింది. లైల్ దానికి కూడా నిజమే చెప్పాడు.