పై అర ఎలుకలు

1986 మే నెల. బరంపురంలోని ఒక పరిశోధనశాలలో పగలు పదకొండు గంటలకు అధిపతి భీమేశ్వరరావు తల ఆయన గదిలోనే ఇనపరాడ్డు దెబ్బలకు పగిలింది. నెత్తురు గోడంతా చిమ్మింది. ఎలుకలను సాకే అప్పలస్వామి ఆ తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ నెత్తుటి చేతులు చూసే పోలీసులు పట్టుకెళ్లారు.

మర్నాడు అతని భార్య కూర్మమ్మ ప్రైవేటు డిటెక్టివ్ నీలకంఠం ఇంటికొచ్చింది.

"ఒప్పుకోమని రేత్రంతా కొట్టినారు బాబూ. ఇంకో రోజు కొడితే సచ్చిపోతాడు."

నీలకంఠం సహాయకురాలు వాసవీకుమారితో పరిశోధనశాలకు వెళ్లాడు. జూనియర్ శాస్త్రవేత్త జగ్గారావు బోనులు చూపించాడు.

"రెండూ తెల్లవే, జాతులు వేరు. ఒకే మందు పాదంలో ఎక్కిస్తే పై అర జాతికి వాస్తుంది, కింది అర జాతికి వాయదు. పుట్టుకతో వచ్చే గుణం. నిన్న తొమ్మిదికి అందరి ఎదుటా సూదులు వేశాను. పన్నెండు దాకా ఈ ఎలుకల గదిలోనే ఉండి గంటగంటకూ పాదాలు కొలిచాను."

కొలతల పుస్తకంలోనూ పై అరవే వాచినట్టు ఉంది. నీలకంఠం గొంతుకూర్చుని చూశాడు. పై అర ఎలుకలు చురుగ్గా తిరుగుతున్నాయి. కింది అరలో ఒకటి వెనకకాలు ఎత్తుకుని కుంటుతోంది. జాతి పేర్ల చీటీలు బోనులకు కాదు, అరలకే అంటించి ఉన్నాయి.

ఈలోగా వాసవీకుమారి భీమేశ్వరరావు సొరుగులో సగం రాసిన ఉత్తరం కనిపెట్టింది.

స్టేషన్లో అప్పలస్వామి పెదవి చిట్లి ఉంది. నీలకంఠం ముందు నీళ్లు తాగించి, తర్వాత అడిగాడు.

"నిన్న బోనులు కదిపావా?"

"పై అరలో ఎండ కొడతంది బాబూ. అయి రొప్పుతన్నాయి. సూదులకి ముందే పైవి కిందెట్టి, కిందవి పైనెట్టీసినాను. తిడతారని ఎవులికీ సెప్పలేదు."

సాయంత్రం ఇన్‌స్పెక్టరుతో సహా అందరూ ఎలుకల గదిలో చేరారు. బేడీలతో అప్పలస్వామి గోడకు ఆనుకున్నాడు.

"జగ్గారావుగారూ, బోనులు తారుమారయ్యాయి. వాచినవి కింది అరలోవి. మీరు మాత్రం పైవి వాచాయని రాశారు. ఒక్కసారి కొలిచినా తెలిసేది. సూదులు వేసి వెళ్లిపోయారు. చీటీ చూసి అంకెలు కల్పించారు. పదకొండింటికి మీరు ఇక్కడ లేరు," అన్నాడు నీలకంఠం.

వాసవీకుమారి ఉత్తరం ఇన్‌స్పెక్టరుకిచ్చింది. "ఈయన పాత లెక్కలూ దొంగవేనని పెద్దాయన పైవాళ్లకు రాస్తున్నారు."

జగ్గారావు గాజుసీసా పగలగొట్టి నీలకంఠం భుజంలో దింపాడు. ఇన్‌స్పెక్టరు లాఠీతో అతని మణికట్టు విరగ్గొట్టాడు.

"బతికుంటే నా ఉద్యోగం తీసేసేవాడు," అన్నాడు జగ్గారావు, నేలమీద పడి మూలుగుతూ.

బేడీలు విప్పారు. అప్పలస్వామికి కాళ్లు నిలవలేదు. కూర్మమ్మ అతని చంక కింద భుజం పెట్టింది.

"జీపులో దింపుతాం," అన్నాడు ఇన్‌స్పెక్టరు, తల వంచుకుని.

"ఒద్దు బాబూ. ఈ మనిసి మల్లీ మీ జీపెక్కడు. నడిసే ఎల్తాం."