చంద్రుడి మీద కాకుల కాపలా

గుడ్డమూట మీద పెట్టిన ఆక్సిజన్ సిలిండరును హైమావతి అవలీలగా ఎత్తి పక్కన పెట్టింది. చంద్రుడి మీద ఏ బరువైనా ఆరోవంతే. అమ్మమ్మ రుబ్బురోలు పొత్రం పెట్టే చోట ఇక్కడ నిండు సిలిండరు పెడితేగాని బూడిద గుమ్మడికాయ ముక్కలు నీరు వదలవు.

"శ్రమాంకం ఇరవై ఆరు," అంది గోడలోంచి సదన. "మీరు సెలవులో ఉన్నారు."

"ఉన్నాను కాబట్టే వడియాలు పెడుతున్నాను."

మూడో గుమ్మటంలో గూటికో మనిషి, ఆ మనిషిని కనిపెట్టుకునే యంత్రం గూటికో సదన. నేల అదురు, గాలిలో చెమట, ఊపిరి వేగం కలిపి సదన ఇంటికి శ్రమాంకం కడుతుంది. నలభై దాటితే సెలవు రద్దు; ఆ పూటే నీటిపంపుల దగ్గర హాజరు కావాలి. మూడేళ్లకు హైమావతికి దక్కిన సెలవు ఎనిమిది రోజులు. భూమికి వెళ్లి రావడానికే పదకొండు. అందుకని ఇంట్లోనే ఉండిపోయింది. ఇక్కడ సెలవంటే తలుపు మూసుకుని పడుకోవడం. రెండు రోజులు ఆమె కూడా పడుకుంది. మూడో రోజుకి అదీ డ్యూటీలాగే అనిపించింది.

వేల ఏళ్లుగా భూమ్మీద ఎవరూ పని కింద జమకట్టని పనిని మొట్టమొదట పనిగా గుర్తించింది ఈ యంత్రమే. అంత గౌరవమూ ఈ ఒక్క వారంలోనే దక్కాలా అని హైమావతి విసుక్కుంది.

మినప్పిండిలో పచ్చిమిర్చి, అల్లం ముద్ద వేసి, ముక్కలు కలిపింది. పాత అంతరిక్ష తొడుగు లోపలి గుడ్డను ఆకాశకిటికీ కింద పరిచింది. భూమ్మీద అమ్మమ్మలు కలలో కూడా చూడని ఎండ! ఉదయిస్తే పద్నాలుగు రోజులు దిగదు. చిక్కంతా పిండితోనే వచ్చింది. అది కిందికి జారదు. మొదటి వడియం వేళ్లు వదలక, గట్టిగా విదిలిస్తే వెళ్లి సదన స్వరరంధ్రానికి అతుక్కుంది. ఆ తర్వాత సదన కాస్త ముక్కుతో మాట్లాడింది.

"శ్రమాంకం ముప్పై ఎనిమిది. ఇప్పుడే ఆపితే మిగిలిన ఐదు రోజుల సెలవు నిలుస్తుంది."

హైమావతి గిన్నెలోకి చూసింది. పిండి ఇంకా సగం ఉంది. ఆపితే పులిసిపోతుంది. ఆ ఒక్క గుమ్మడికాయ కోసం తోటశాల వాళ్లను పది నెలలు బతిమాలింది. ఐదు రోజులు పడుకుని పైకప్పు చూడటమా, పిండి పూర్తి చేయడమా? చేయి తడిచేసుకుని తర్వాతి వరస మొదలుపెట్టింది.

ఆఖరి వడియానికి శ్రమాంకం నలభై ఒకటి.

"సెలవు రద్దయింది. తీసుకువెళ్లడానికి మనిషి వస్తున్నారు."

వచ్చింది పంపుల ఇన్‌ఛార్జి ఓబులేసు, కడప వాడు. లోపల అడుగుపెట్టి ఎండలో తెల్లగా మెరుస్తున్న వరసలు చూసి, చేతిలో ఉత్తర్వు సంగతే మరిచిపోయాడు.

"ఏందక్కా ఇది? వడియాలు పెట్టినావా?"

"పెట్టాను. పద, పంపుల దగ్గరికేగా? చేతులు కడుక్కొస్తాను."

"అదుండనీ. కాపలా ఎవురుండారు?"

"కాకులెక్కడున్నాయి తమ్ముడూ ఇక్కడ?"

"కాకుల్లేవని కాపలా ఇడిచిపెడతారా? మా జేజి వినుంటే నీకు రెండు తగిలించేది." మూలనున్న యాంటెన్నా కర్ర అందుకుని వరసల పక్కనే చతికిలపడ్డాడు. "కాకి వాల్తే ఆమె కాకిని కొట్టేది కాదక్కా, నన్నే కొట్టేది. నువ్ కడుక్కోనిరాపో, రెండు నిమిషాలు నేనుంటా."

హైమావతి తిరిగి వచ్చేసరికి ఓబులేసు గోడకి చేరగిలబడి, కర్ర ఒళ్లో పెట్టుకుని, అరకన్నులతో జేజి తిట్లు ఒక్కొక్కటే గుర్తు చేసుకుని నవ్వుకుంటున్నాడు. ఆమె కూడా పక్కన కూర్చుని తన అమ్మమ్మ తిట్లు కలిపింది. గోదావరి తిట్లూ కడప తిట్లూ పోటీపడ్డాయి. కడపే గెలిచింది.

"శ్రమాంకం పంతొమ్మిది," అంది సదన, తన మాట తనకే నమ్మకం లేనట్టు. అంకం మనిషిది కాదు, ఇంటిది; లోపల ఉన్నవాళ్లందరి సగటు. సెలవు రోజుల్లో ఇంటికి ఇంకొకరు వచ్చి ఊరికే కూర్చుంటారని దాన్ని తయారుచేసిన వాళ్లకు తోచలేదు. "సెలవు తిరిగి మంజూరైంది. ఇద్దరూ ఏం చేస్తున్నారో చెప్పండి."

"కాపలా," అంది హైమావతి.

"కాపలా పని కిందికి వస్తుంది. పని చేస్తుంటే శ్రమ ఎలా తగ్గింది?"

ఓబులేసు కళ్లు తెరవకుండానే చేయి ఊపాడు. "నాకూ ఐదు రోజులు సెలవు రాయి సదనా."

"ఎక్కడ గడుపుతారు?"

"ఈడనే. అక్కోళ్ల ఇంట్లో."

పంపుల దగ్గర డ్యూటీ పాళీ మారేసరికి సదన దగ్గరికి పదకొండు సెలవు అర్జీలు వచ్చాయి. అన్నిటిలోనూ ఒకటే ఇల్లు, ఒకటే కారణం. అప్పటికే నలుగురు వచ్చి గుడ్డ చుట్టూ కూర్చున్నారు. కర్ర ఎవరి చేతిలో ఉండాలన్నది వాదన.

సదన ముక్కుతో అడిగింది: "కాకులు ఎటునుంచి వస్తాయి?"

"పైనుంచి," అంది హైమావతి, ఒక వడియం తిరగేస్తూ.

ధూళిని కనిపెట్టడానికి నేలచూపులు చూస్తూ ఉండే మూడో గుమ్మటం కెమెరాలు ఒక్కొక్కటే మెడలెత్తి, నల్లటి ఆకాశం వైపు తిరిగాయి.